ఆసక్తి లేదు: హార్బరు వెనక పేటలో నాలుగు రోజులు

విశాఖపట్నం వెళ్తున్నానని తెలియగానే మా నంద్యాలలో తలా ఒక చిట్టా చదివారు. కైలాసగిరి ఎక్కమన్నవారు కొందరు, జలాంతర్గామి చూడమన్నవారు కొందరు, జీడిపప్పు తెమ్మన్నవారు కొందరు. మా పక్కింటావిడైతే సముద్రం ముందు నిలబడి వీడియో కాల్ చేయమంది. వీటిలో ఒక్కటీ చేయలేదు. తిరిగి వచ్చి నెల దాటింది. ఎలా ఉందని అడిగిన ప్రతివాళ్ళకీ బాగుందని చెప్పి చెప్పి విసుగెత్తింది కాబట్టి, బాగాలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను.

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను. పిల్లలు బడి మాని పనుల్లో పడడానికి ఇంటి పరిస్థితుల్లో ఏది ఎంత కారణమో లెక్క కట్టాలని ఒక చిన్న సర్వే పెట్టుకున్నాం. మా దగ్గర చదివి వెళ్ళిన పిల్లలు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నపత్రాలు నింపి పంపారు. బడి ఎందుకు మానింది అన్న ప్రశ్న కింద వరసగా గడులు ఉంటాయి. పేదరికం, పెద్దవాళ్ళ జబ్బు, బడి దూరం, ఇంటి పని, ఇలా. అన్నిటికీ ఆఖరున 'చదువు మీద ఆసక్తి లేదు' అన్న గడి. మా వైపు కాగితాల్లో టిక్కులు అన్ని గడుల్లోకీ చెదిరి పడ్డాయి. విశాఖ ఫిషింగ్ హార్బరు వెనక పేట నుంచి వచ్చిన కాగితాల్లో మాత్రం, బడి మానిన ఆడపిల్లలందరికీ టిక్కు ఆ ఆఖరి గడిలోనే ఉంది. ఇప్పుడేం చేస్తోంది అన్నచోట అందరికీ 'ఖాళీగా ఉంది' అని రాసి ఉంది.

పేట పేటంతా చదువు మీద విరక్తి పుట్టి ఖాళీగా కూర్చుందంటే ఎవరు నమ్ముతారు? సర్వే చేసిన ఈశ్వరరావు ఏ టీకొట్టులోనో కూర్చుని కాకిలెక్కలు రాసి పంపాడనుకున్నాను. పరీక్షలో చీటీ పట్టుకున్నంత కోపంతో జూన్ నెలలో రైలెక్కాను.

మద్దిలపాలెం

బుధవారం మధ్యాహ్నం దిగాను. నంద్యాల ఎండ నెత్తిన కొడుతుంది గానీ నీడలోకి వెళ్తే వదిలేస్తుంది. ఇక్కడి ఉక్కపోత నీడలోకి కూడా వెంట వచ్చింది. లాడ్జి నుంచి సందు చివరి టిఫిన్ హోటల్ దాకా నడిచేసరికి జాకెట్టు వీపుకి అతుక్కుపోయింది.

ఈశ్వరరావు ముందే వచ్చి కూర్చున్నాడు. సొంతూరు శ్రీకాకుళం వైపు పల్లె, వ్యవసాయ కుటుంబం. వాళ్ళ నాన్న మా వైపు సిమెంటు ఫ్యాక్టరీలో పని చేసిన మూడేళ్ళూ మా కాలేజీలో చదివాడు. ఇప్పుడు మద్దిలపాలెంలోనే సెల్‌ఫోన్ల దుకాణంలో ఉద్యోగం.

ఇడ్లీలోకి బొంబాయి చట్నీ వేశారు. శనగపిండితో పలచగా, పచ్చగా ఉంటుంది. మా ఇంట్లో అది పూరీకే. కారప్పొడి అడిగితే లేదన్నారు. కారప్పొడి లేని ఇడ్లీకి నలభై రూపాయలా అని నేను సణుగుతుంటే ఈశ్వరరావు లేచి వెళ్ళి నా బిల్లు కూడా కట్టేశాడు. తప్పు చేసినవాళ్ళే ఇంత మర్యాద చేస్తారని నా అనుమానం ఇంకాస్త బలపడింది.

"నిజం చెప్పు. ఆ పేటకి అసలు వెళ్ళావా?"

"మా అమ్మ మీద ఒట్టు మేడం. ఇల్లిల్లూ తిరిగేను. ఎండకి నా ముకం ఎలగైపోయిందో మీరే సూడండి. ఆలు ఏటి సెప్పేరో నాను అదే రాసేను."

"అంతమందీ ఒకటే మాట చెప్తారా?"

"సెప్పేరు మరి. నన్నేటి సెయ్యమంటారు?"

నిజానికి ఒక్క కాగితం వేరుగా ఉంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, పోలమ్మ అనే ఆవిడ ఇంటి కాగితంలో పెద్దకూతురు నూకరత్నం అయిదో తరగతి పూర్తి చేసిందనీ, ఇంకా చదువుతాననీ ఉంది. పక్కన ఈశ్వరరావు వంకర చేతిరాత: 'గురుకులం పరీక్ష రాసింది.' అందరిలోకీ వేరుగా ఉన్నదాన్ని ముందు చూడమని నా విద్యార్థులకు ప్రతి ఏడూ చెప్తాను. మర్నాడు ఆ ఇంటికే తీసుకెళ్ళమన్నాను.

హార్బరు వెనక పేట

గురువారం పొద్దున తొమ్మిదింటికి పేటలో అడుగుపెట్టాం. ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు పక్కకి ఒరగాల్సినంత సందులు. మేడల మీద, అరుగుల మీద, ఆఖరికి ఆగి ఉన్న ఆటోల టాపుల మీద కూడా నెత్తళ్ళు ఎండుతున్నాయి. చేప ఎండితే వచ్చే ఆ వాసన నా చేతిసంచీకి పట్టి ఇప్పటికీ వదల్లేదు.

ఖాళీగా ఉన్నారని రాసిన ఆడపిల్లలు ఒక్కొక్కరే కనిపించారు. ఒకమ్మాయి చంకలో పసివాణ్ణి పెట్టుకుని, రెండో చేత్తో కర్ర పట్టుకుని ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలుతోంది. ఇంకొకమ్మాయి కుళాయి దగ్గర్నుంచి బిందెల మీద బిందెలు మోస్తోంది. పన్నెండేళ్ళయినా లేని పిల్ల గుమ్మంలో కూర్చుని పెద్ద కత్తిపీట ముందు చేపలు శుభ్రం చేస్తోంది. నేను ఈశ్వరరావు వైపు తిరిగాను.

"ఇదేనా నీ ఖాళీ?"

అతని మొహం పాలిపోయింది. "నాను వొచ్చినప్పుడు నిజంగా ఖాళీయే మేడం. మగోళ్ళు పేకాడుకుంటన్నారు. ఆడోళ్ళు అరుగుల మీద కూకున్నారు. గుంటలు, అదే పిల్లలు, ఆడుకుంటన్నారు. బోట్లన్నీ కట్టీసి ఉన్నాయి కదండి."

"ఎందుకు కట్టేశారు?"

"మే నెల కదండి. వేట నిషేధం."

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో రెండు నెలలు బోట్లను సముద్రంలోకి పోనివ్వరు. జూన్ నడుమ మళ్ళీ వదులుతారు. ఈ సంగతి పేపర్లో ప్రతి ఏడూ చదువుతూనే ఉన్నాను. కానీ కాలేజీవాళ్ళం ఏ సర్వే అయినా వేసవి సెలవులకే పెట్టుకుంటాం, ఎందుకంటే మాకు తీరిక అప్పుడే. సముద్రానికి సెలవు, బడికి సెలవు, పేటంతా చేతులు ముడుచుకుని కూర్చున్న నెలలో మనిషిని పంపి, మీ పిల్ల పని చేస్తోందా అని అడిగించాను. చెయ్యట్లేదన్నారు. ఆ నెలలో అది నిజం. అబద్ధం ఎక్కడైనా ఉంటే అది నా ప్రశ్నపత్రం మీద వేసిన తేదీలో ఉంది. నడిరోడ్డు మీద ఆ కుర్రాడికి క్షమాపణ చెప్పుకున్నాను. "పర్నేదు మేడం" అని అతను ఇంకా ఇబ్బంది పడ్డాడు.

పోలమ్మ ఇంట్లో మమ్మల్ని చూసి లోపలికి రమ్మన్నది రత్నమే. పదకొండేళ్ళ పిల్ల, సన్నగా పొడుగ్గా ఉంది. తొమ్మిది నెలల చెల్లెలు ఆమె నడుం మీద ఉంది. ఆ పిల్లని దించకుండానే అన్నం వార్చింది, దించకుండానే చాప పరిచింది. మధ్యదాని పేరు చిట్టి, మూడో తరగతి. దానికి జడలు వేసి బడికి పంపేసిందట. తండ్రి బోటు మీద కళాసి. వేట వదిలిన రోజే సముద్రంలోకి వెళ్ళాడు, మూడు వారాల దాకా రాడు. తల్లి తెల్లవారకుండానే హార్బరులో చేపలు వేలంలో పాడుకుని, గంపలో పెట్టుకుని వీధుల్లో అమ్ముకుని మధ్యాహ్నానికి వస్తుంది.

పోలమ్మ రావడమే మాటలతో వచ్చింది. ముప్ఫై దాటి ఉండవు. గొంతు మాత్రం సందు చివరికి వినిపిస్తుంది.

"ఎవలో పెద్ద మేడంగారొచ్చీసేరు. ఏటే రత్నం, మంచినీళ్ళైనా ఇచ్చేవా? కూకోండమ్మా, కూకోండి. అన్నం తినకుండా ఎల్తే ఊరుకోను."

అమ్మినవి పోగా మిగిలిన చేపలతోనే పులుసు పెట్టింది. ముందు గ్లాసుడు చోడి అంబలి ఇచ్చింది. మా రాగులే. మేం ముద్దగా సంగటి చేసి నంజుకుంటాం, వీళ్ళు పలచగా చేసి ఉల్లిపాయ కొరుక్కుంటూ తాగేస్తారు. అంబలి దాకా బాగానే నెగ్గుకొచ్చాను గానీ, పులుసు దగ్గర పరువు పోయింది. మెట్ట ప్రాంతం మనిషిని, ముళ్ళు తీయడం నాకేం తెలుసు? రెండో ముద్దకే గొంతులో ముల్లు గుచ్చుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రత్నం వచ్చి గుప్పెడు వట్టి అన్నం ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది.

"నమలకండి. అలగే మింగీండి."

మింగాను. ముల్లు దిగిపోయింది. పోలమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది.

తిన్నాక రత్నం సింహాద్రి అప్పన్న పటం వెనక నుంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. గురుకుల పాఠశాలలో ఆరో తరగతి సీటు వచ్చినట్టు ఉత్తరం.

"ఇందులో గడువులోగా హాజరు కానిచో అని ఉందండి. అంటే శనివారం ఎల్లకపోతే ఇంకెప్పుడూ ఎల్లకూడదేటండి?"

"ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు" అన్నాను. కాగితం తిరిగి తీసుకుని మడతల మీదనే మడిచింది. శనివారానికి మధ్యలో ఒక్క రోజే ఉంది.

పోలమ్మ నవ్వు తగ్గింది. "దానికి ఎల్లాలనే ఉందండి. నాకూ అంపాలనే ఉంది. పాపనెవలు సూత్తారు?"

అంగన్‌వాడీ ఉంది కదా అన్నాను. చదువుకున్నవాళ్ళందరం మొదట అనే మాట అదే.

"అది తొమ్మిదింటికి తెరుత్తారమ్మా. తొమ్మిదింటి వరకూ సేపకి ఓపికేటి?"

పక్కవాళ్ళో అంటే, పక్కవాళ్ళూ హార్బరుకే వెళ్తారంది. అత్తగారు పోయి రెండేళ్ళయింది. పాపని గంపతో పాటు మోసుకెళ్ళి ఒకసారి చూసిందట, ఐసు నీళ్ళలో పడి జ్వరం వచ్చింది. సంచీలోంచి ప్రశ్నపత్రం తీసి, ఈ పేట పిల్లలందరికీ చదువంటే ఇష్టం లేదట నిజమేనా అని అడిగాను.

"ఆ ఎదరింటి గుంటని సూడండి. ఏడులో ఉండీది. వేట మొదలైందని తల్లి సంటిదాన్నొప్పగించీసి నెల్రోజులు ఇంటికాడ ఉంచీసింది. తరవాత బడికెల్తే పాఠాలు దాటీసేయి. మాస్టారు బల్ల మీద నించోబెట్టీసేరు. నాల్రోజులెల్లింది, సిగ్గేసి మానీసింది. ఇప్పుడడిగితే ఇష్టం నేదంటాది. అబద్దం కాదమ్మా. ఇప్పుడు దానికి నిజంగా ఇష్టం నేదు."

నేను లెక్కల్లో విడివిడిగా గీసిన గడులన్నీ ఆ పిల్ల ఒక్కతే దాటుకుంటూ వచ్చింది. వేట, తల్లి పని, పసిపిల్ల, మాస్టారి కోపం, సిగ్గు. మేం వెళ్ళి అడిగే వేళకి మిగిలేది ఆఖరిదే. సంపాదన పెరిగితే పిల్లలు బడికి వెళ్తారని బోర్డు మీద గీత గీసి చూపిస్తూ ఉద్యోగమంతా గడిపాను. ఇక్కడ చేప బాగా పడినప్పుడే పిల్ల ఇంట్లో ఉండిపోతోంది. ఆ మధ్యాహ్నం నా చదువు మీద నాకే రోత పుట్టింది.

హార్బరు

శుక్రవారం సూర్యోదయానికి హార్బరుకి వెళ్ళాను. పోలమ్మ నాకంటే రెండు గంటల ముందే అక్కడుంది. నేల మీద అన్నీ చేపల నీళ్ళు, ఐసు ముక్కలు. నాలుగడుగులు వేసేసరికి కాలు జారి చతికిలబడ్డాను. చెప్పొకటి బోట్ల మధ్య నీళ్ళలో పడింది. ఒక ముసలాయన గేలపు కర్రతో తీసి ఇస్తూ, "ఇలాటి సెప్పులేసుకుని ఇక్కడికెవలైనా వొత్తారా తల్లీ" అన్నాడు. ఆ తర్వాత అందరిలాగే ఒట్టి కాళ్ళతో తిరిగాను.

వేలం పాట పాడేవాడి మాటలు నాకు సగం కూడా అందలేదు. కుప్ప చుట్టూ ఆడవాళ్ళు గుమిగూడతారు, కళ్ళతోనే బేరం అయిపోతుంది. మా ఊళ్ళో పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేస్తారు, అది మగవాళ్ళ వ్యవహారం. ఇక్కడ సముద్రం దాకా మగవాళ్ళది, ఒడ్డుకి వచ్చాక అంతా ఆడవాళ్ళదే. పోలమ్మ ఒక కుప్ప సావిడాయిలు పాడుకుంది, వెండి పట్టీల్లా పొడుగ్గా ఉండే చేపలు.

మా నంద్యాల వైపు పత్తి విత్తనాల చేలల్లో సంకరం కోసం పువ్వుకు పువ్వు అద్దే పని ఉంటుంది. చిన్న చేతులైతే పువ్వు నలగదని ఆడపిల్లల్నే పిలుస్తారు. అక్కడ మేస్త్రీ ఉంటాడు, పిల్లల్ని తీసుకుపోయే ఆటో ఉంటుంది, కూలి ఉంటుంది. వీడు దుర్మార్గుడని చూపించి తిట్టడానికి ఒక మనిషైనా ఉంటాడు. ఆ మూడు రోజులూ నేను అలాంటివాడి కోసం వెతికాను. తండ్రి తాగుబోతైనా కాడు. తిట్టడానికి ఎవరూ దొరకకపోతే ఎంత ఊపిరాడదో అక్కడే తెలిసింది.

గంప సర్దుతున్న పోలమ్మ పక్కన ఐసు పెట్టె మీద కూర్చుని చెప్పాల్సిందంతా చెప్పాను. ఈ ఒక్క పిల్ల గట్టెక్కితే ఇల్లంతా గట్టెక్కుతుందన్నాను. పరీక్ష రాసి నెగ్గిన పిల్లని ఇంట్లో కూర్చోబెడితే పాపం తగులుతుందని కూడా అన్నాను. క్లాసులో ఇలాంటి మాట విద్యార్థి అంటే కారణం చూపించమని నిలదీసేదాన్ని.

ఆమె చేతులు ఆగాయి. "నాను మూడు దాకా సదివేనమ్మా. మా అమ్మ గంపెత్తింది, నాను తమ్ముణ్ణెత్తేను. అంతే, అయిపోయింది."

చేపల మీద ఐసు సర్ది గోనె కప్పింది. తర్వాత తలమీద చుట్టగుడ్డ పెట్టుకుంటూ అంది. "సర్లెండి. అంపుతాను."

"మరి పాప సంగతి?"

"ఏదో సేసుకుంటానండి. మీరేటి, రోజూ నంద్యాల నుండొచ్చి ఎత్తుకుంటారేటి?"

ఇద్దరం నవ్వుకున్నాం. గంపకి నేనూ ఒక చేయి వేసి ఆమె తలకెత్తాను. ఏదో చేసుకోవడమంటే ఏం చేసుకుంటావని అడగాలి. అడగలేదు. ఆ జవాబు వింటే నా సంతోషం పోతుందని లోపల ఎక్కడో తెలిసే అడగలేదేమో. ఇప్పటికీ నన్ను నేను ఆ చోట వదిలిపెట్టలేకపోతున్నాను.

పూర్ణా మార్కెట్

సాయంత్రం పూర్ణా మార్కెట్టుకి రత్నాన్ని తీసుకెళ్ళాం. పాపని పోలమ్మ ఎత్తుకుంది. నడుం మీద బరువు లేకుండా ఆ పిల్ల నడవడం అప్పుడే చూశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఊపుకుంటూ నడిచింది.

పసుపు, కుంకుమ, ఎండుమిర్చి, ఇత్తడి సామాను, అన్నీ కలిసిన పాత బజారు. మా మిర్చి ఘాటు ముక్కుకి తగిలి క్షణం సేపు సొంతూళ్ళో ఉన్నట్టనిపించింది. ట్రంకు పెట్టె పన్నెండు వందలన్నాడు. నేను తొమ్మిది వందలన్నాను. పోలమ్మ ముందుకొచ్చి, "బావా, సదువుకోడానికెల్తన్న గుంటండి, పెళ్ళికెల్తన్నాది కాదు" అంది. కొట్టువాడు నవ్వి ఎనిమిది వందలకి ఇచ్చేశాడు. కంచం, గ్లాసు, దుప్పటి, రెండు సబ్బులు కూడా కొన్నాం. పెట్టె మూత మీద పేరు రాయిస్తానంటే రత్నం తానే రాస్తానని రంగు పుల్ల అడిగి తీసుకుంది. నూకరత్నం, ఆరవ తరగతి. కొమ్ములూ దీర్ఘాలూ గుండ్రంగా, వరస తప్పకుండా ఉన్నాయి. రాశాక ఆరేదాకా పెట్టె మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

ముంత మసాలా తింటూ నన్ను అడిగింది. "ఆ బళ్ళో రాత్రి పూట పుస్తకం సదూకోనిత్తారండి?"

చదువుకోనిస్తారన్నాను. ఇంట్లో దీపం వేస్తే పాప లేస్తుందట.

సింహాచలం దారిలో

శనివారం ఈశ్వరరావు ఆటో మాట్లాడాడు. పాఠశాల సింహాచలం దాటాక, అద్దె భవనంలో ఉంది. అతను ముందు సీటులో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక నేను, పోలమ్మ, రత్నం, కాళ్ళ దగ్గర ట్రంకు పెట్టె. చిట్టిని కూడా తీసుకొచ్చారు. శనివారం బడి ఉంటుంది కదా అని నాకు తోచనేలేదు. ఎనిమిదేళ్ళ చిట్టి ఒళ్ళో పాప ఉంది. జారిపోతుంటే మాటిమాటికీ పైకి లాక్కుంటోంది. అక్కకి వీడ్కోలు చెప్పడానికి వచ్చిందని ముచ్చటపడ్డాను.

కొండ కనిపించగానే పోలమ్మ ఆటోలోంచే అప్పన్నకి దణ్ణం పెట్టింది. తర్వాత చిట్టి వైపు తిరిగి మామూలు గొంతుతో చెప్పింది.

"తలకాయ్ కింద సెయ్యెట్టే, అలగ కాదు. రేపట్నుంచి నువ్వే సూడాల. గంజి సల్లారినాకే పట్టాల. నాను వొచ్చీదాకా తలుపు తియ్యకు."

రత్నం తల తిప్పి చూసింది. ముందు తల్లిని, తర్వాత చెల్లెల్ని.   ఏదో చేసుకోవడమంటే ఇది.

"చిట్టి బడో?" అన్నాను.

"ఇద్దర్లో ఒకలైనా సదవాల కదమ్మా. మీరే కదా అన్నారు, ఒక్క పిల్ల గట్టెక్కితే సాలని."

నేనే అన్నాను. 

వరండాలో ఒక తల్లీ కూతురూ గోనెసంచీతో కూర్చుని ఉన్నారు. విజయనగరం వైపు పల్లెవాళ్ళు. ఆ పిల్లది తర్వాతి పేరట. ఎవరైనా రాకపోతే సీటు వస్తుందని పొద్దుటి నుంచీ కాచుకుని ఉన్నారు. మా పెట్టెని చూడగానే ఆ తల్లి మొహం వాడిపోయింది.

వార్డెన్ మంచి మనిషి. రత్నాన్ని దగ్గరికి పిలిచి, పెట్టె మీద పేరు నువ్వే రాశావా అని మెచ్చుకుంది. ఫారం తీసి ముందు పెట్టింది. రత్నం పెన్ను పట్టుకోలేదు.

"నాను సేరనండి."

అందరం ఒక్కసారే ఏమిటన్నాం.

"నాకు సదువు ఇష్టం నేదండి."

పోలమ్మ చెయ్యెత్తింది, కొట్టలేక దించేసింది. ఈశ్వరరావు బతిమాలాడు. నేను ఆ పిల్లని వరండాలోకి లాక్కెళ్ళి కోప్పడ్డాను. పిచ్చిదానివా అన్నాను, జీవితం చేతులారా పాడు చేసుకుంటున్నావన్నాను, నా సెలవులన్నీ నీ కోసమే పోయాయని సిగ్గులేకుండా అది కూడా అన్నాను. అన్నీ విని మెల్లగా చెప్పింది.

"సిట్టికి ఎనిమిదేళ్ళండి. పాపనెత్తుకుని గంజి వార్సనేదు. మీదోసుకుంటాది." లోపలున్న చెల్లెళ్ళ వైపు చూసి అంది. "ఎవలో ఒకలు ఉండాల కదండి."

 లోపలికి వెళ్ళి, ఇది కారణం, ఇదే రాయండి అని వార్డెన్‌ని అడిగాను. ఆవిడ ఫారం నా వైపు తిప్పింది. మా ప్రశ్నపత్రంలో లాగే అక్కడా గడులే ఉన్నాయి.

"చెల్లెలి కోసం మానింది అని గడి లేదండి. పిల్ల నోటితో ఏమంటే అదే పెట్టాలి. సాయంత్రంలోగా సీటు ఖాళీ చూపించకపోతే ఆ వరండాలో పిల్లకీ రాకుండా పోతుంది."

'ఆసక్తి లేదు' అన్న గడిలో టిక్కు పెట్టింది. పోలమ్మ వేలిముద్ర వేసింది. సాక్షి సంతకం చదువుకున్నవాళ్ళది కావాలన్నారు. గోనెసంచీ తల్లి గుమ్మంలో నిలబడి చూస్తోంది. సంతకం పెట్టి, కింద నా ఉద్యోగం, మా కాలేజీ పేరు కూడా రాశాను.

మేం ఆటో ఎక్కుతుంటే ఆ తల్లి పరుగున వచ్చి రత్నం గడ్డం పట్టుకుంది. "సల్లగుండు తల్లీ. మా గుంటకి దారిచ్చేవు."

పోలమ్మ ఆ రెండో పిల్ల తల నిమిరి, బాగా చదువుకోమంది. ఆమె గొంతు మొదటిసారి పక్కనున్న నాకు కూడా సరిగా వినపడలేదు.

తిరుగుదారిలో పాప రత్నం ఒళ్ళోకి వచ్చేసింది. చిట్టికి చేతులు ఖాళీ అయ్యాయి. కాసేపు రోడ్డు చూసి, చూసి, అక్క మోచెయ్యి గోకింది.

"అప్పా, నువ్వు ఆ బళ్ళో ఉండవేటి?"

"ఉండను."

"ఏల?"

"నాకు సదువంటే ఇష్టం నేదు."

"నాకిష్టమే" అంది చిట్టి గర్వంగా.

"అయితే సోమవారం పొద్దున్నే బేగి నెగు. ఈ రోజు బడి మానీసేవు, అయ్యోరు ఏటి సెప్పేరో ఎవల్నైనా అడిగి రాసుకో" అంటూ రత్నం పాప తల కింద చెయ్యి సర్దింది.